ఎడమ పక్కకు

పొద్దుగాల బటన్ వత్తితే
బొమ్మలన్నీ ఎడమ పక్కకు ఒరిగి ఉంటయి,
చౌటుప్పల్ బస్సుల సీటు దొరకనోళ్ల లెక్క
ఒకదాని మీద ఒకటి.
రాత్రి నేనే సదిరి పడుకున్న:
రుమాళ్లు పైన, దుపట్టాలు నడుమ,
సేటు ఒద్దన్న డిజైన్లు కింద మూలకు, చెత్తబుట్ట పక్కన.
తెల్లారేసరికి ఆ వరుస ఉండది.
అక్షరాలు మాత్రం లావుగ,
చెవిటి మనిషితోటి మాట్లాడినట్టు.

ఆపి మళ్ల పెట్టిన.
'వరుసగ పేర్చు' అన్నకాడ టిక్కు తీసిన, పెట్టిన, తీసిన.
వైరస్ అన్నరు. వెతికిపిచ్చిన, రెండు దొరికినయ్, చంపిన.
తెల్లారి మళ్ల గదే.
తెర వెనక ఫోటో మార్చిన,
ఎందుకు మార్చిన్నో నాకే తెల్వది.
మా ఆయన దుమ్ము ఊదిండు.
కీబోర్డు బోర్లిస్తే ఎర్రదారం ముక్కలు,
సగం పల్లిగింజ.

జహంగీర్ పుట్టపాక దాక ఊకె రాడు.
వారం బతిమిలాడితే బండి మీద వచ్చిండు.
డబ్బ తెరిచి, నాలుక చప్పరించి
"ఫార్మాట్ కొట్టుడే అక్కా" అన్నడు
డాక్టరు కోతే అన్నట్టు.
నాలుగు నెలల గీతలు పెన్‌డ్రైవ్‌ల నింపి
కొంగుకు ముడేసుకున్న.
ఐదు వందలు తీసుకుండు. చాయ తాగలే.

మూడు దినాలు
ఎక్కడ పెట్టింది అక్కడనే.
నాలుగో దినం మళ్ల ఎడమ పక్కకు.

ఏడుపు రాలే. లెక్క పట్టిన.
క్యాలెండర్ మీద పెన్సిల్ తోటి
చెదిరిన దినానికి సున్న, నిలిచిన దినానికి గీత.
నెల తిరిగేసరికి అన్ని సున్నల నడుమ ఐదు గీతలు.
గోడకాడ నిలబడి చూస్తున్న.
మూడు గీతలు ఒక్కకాడ: పాత పడుగు అయిపోయి
కొత్తది అతికిన దినాలు.
ఒకటి అమాస.
ఇంకోటి మామ పన్ను పీకించుకోను నల్లగొండ పోయిన దినం.

మగ్గం.

నేను బటన్ వత్తేటాలకు
మామ గుంటల దిగి గంట అయితది.
గోడకు అటు పక్క టక్కు, టక్కు,
ఇటు పక్క నా చాయకప్పుల సన్నటి అలలు.
తొమ్మిదేండ్ల సంది వింటున్న చప్పుడు,
వినుడు ఎన్నడో మానేసిన.

టేబుల్ కిందికి పాకిన.
తెరకు పోయే నీలం మూతి వైరుకు
రెండు మరలు ఉండాలె. ఒకటి లేదు, ఒకటి వదులు.
పన్నె దెబ్బ దెబ్బకు వెంట్రుకంత జారుతది.
తెర కొలత డబ్బకు అందది.
కొలత తెల్వకుంటే చిన్నగుడ్డ అనుకుంటది,
చిన్నగుడ్డల ఇన్ని పూలు పట్టయి,
అంచుకు కుప్ప పడతయి.
ఇంత సంగతి చెప్పుమంటే
అది చెప్పిన పద్ధతి గది.

ఆ మర చౌటుప్పల్‌ల దొరకదట.
అండాలత్త గడపల కూసోని చిటికి కడుతుంది.
నేను చెప్పింది సగమే విన్నది.
సైకిల్ ట్యూబు కోసిన పట్టీ ఒకటి పండ్లనడుమ పట్టుకొని
టేబుల్ కిందికి వంగింది, మోకాళ్లు కలుక్కుమన్నయి.
చుట్టు మీద చుట్టు. ముడి.
"మసిలే రంగుల ముంచినా వదలది,
గీ డబ్బ ఎంత."

ఆ మాపటీలి మామ మెల్లగ తొక్కుతున్నడు.
తప్పు ఆయనదేనని ఎవరో చెప్పిన్రు.
"గట్టిగనే కొట్టు మామా, గుడ్డ పల్సబడ్తది" అన్న.
పలకలే. కొంచెంసేపటికి
చాయకప్పుల అలలు లేచినయ్.

ఇరవై రెండు దినాలు, గీతలే.
జహంగీర్‌కు ఫోన్ చేసి చెప్పిన.
"పైసలు వాపస్ అడగకక్కా" అని నవ్విండు.

ఆ కుప్పను ఒకసారి గ్రాఫు కాయితం మీద గీసిన,
మరిచిపోకముందే:
ఎడమ అంచుకు ఒరిగిన పూలు,
మిగతా అంత ఖాళీ, ఎరుపు.
సేటుకు ఇంకా చూపలే.